మీట లేని యంత్రాలు

రాత్రి భోజనాలయ్యాక గోరువెచ్చటి పాలలో చెంచాడు పెరుగు కలిపి, మూత పెట్టి పడుకుంటాం. తెల్లారేసరికి గిన్నెడు పెరుగు. అందులోంచి చెంచాడు తీసి పక్కన పెడితే అది ఈ రాత్రికి తోడు. కొన్ని ఊళ్లలో దీన్నే చేమిరి అంటారు. ఎప్పుడైనా తోడు అయిపోతే పక్కింటికి గిన్నె పట్టుకెళ్లి తెచ్చుకుంటాం. వాళ్లకీ అది ఒకప్పుడు ఇంకెవరింటి నుంచో వచ్చిందే. అదే వంటింటి గట్టు మీద మిక్సీ కూడా ఉంటుంది. దాని జారులో రాత్రంతా ఇనుప రజను నానబెట్టినా పొద్దున్నకి ఇంకో మిక్సీ పుట్టదు.

రెండూ పనిముట్లే. ఒకటి ఫ్యాక్టరీలో బిగించింది, ఇంకోటి కోట్లాది బాక్టీరియాల కాపురం. మన నాగరికత మొత్తం మిక్సీ దారిలో కాకుండా తోడు దారిలో నడిచి ఉంటే ఎలా ఉండేది? ఇళ్లు కట్టుకోకుండా మొలిపించుకుని, ఓడలు తయారుచేయకుండా పెంచుకుని, తుపాకీకి తూటాలతో పాటు మేత కూడా పెట్టుకునే లోకం ఎలా ఉంటుంది? సైన్స్ ఫిక్షన్ రచయితలు వందేళ్లుగా ఈ ప్రశ్న చుట్టూ తిరుగుతున్నారు. ఈలోగా ప్రయోగశాలల్లో కప్ప కణాలతో, ఎలుక గుండె కండరంతో చేసిన బుల్లి రోబోలు ఈదడం మొదలుపెట్టాయి. ఆ కథల్లో ఏది నిలబడుతుందో, ఏది పడిపోతుందో ఇప్పుడు కొంతవరకు తేల్చి చెప్పవచ్చు.

వెట్టివాడి పుట్టుక

రోబో అనగానే మనకు రజనీకాంత్ వేసిన చిట్టి గుర్తొస్తాడు. ఉక్కు, తీగలు, బ్యాటరీ. కానీ ఆ మాట పుట్టిన చోట ఉక్కు లేదు. చెక్ రచయిత కారెల్ చాపెక్ రాసిన ‘ఆర్.యు.ఆర్.’ నాటకం 1920లో అచ్చయింది, మరుసటి ఏడాది ప్రాగ్‌లో ఆడారు. అందులో రోసమ్ అనే శాస్త్రవేత్త ఒక దీవిలో కూర్చుని, ప్రాణమున్న పదార్థంలా ప్రవర్తించే ఒక రసాయనాన్ని కనిపెడతాడు. అతని తర్వాతి తరం రోసమ్ ఇంజనీరు. ఆ పదార్థంతో తొట్లలో కాలేయాలు, మెదళ్లు తయారవుతాయి. నూలు మిల్లు లాంటి చోట నరాలు, రక్తనాళాలు వడుకుతారు. అన్నిటినీ కారు భాగాల్లా కలిపి బిగిస్తే ఒక కూలీ లేచి నిలబడతాడు. పనికి అక్కర్లేని ఆటపాటలు, సంతోషాలు ఆ కూలీలో పెట్టలేదు.

ఈ కూలీలకు పేరు కావాల్సి వచ్చినప్పుడు ‘రోబో’ అనే మాట ఇచ్చింది చాపెక్ అన్న, చిత్రకారుడు యోసెఫ్. చెక్ భాషలో ‘రోబోటా’ అంటే దొర భూమిలో ఊరికే చేయాల్సిన చాకిరీ. తెలంగాణలో వెట్టి అంటే ఏమిటో తెలిసిన ఇళ్లలో ఆ పదాన్ని వివరించి చెప్పాల్సిన పని లేదు. నాటకం చివరికొచ్చేసరికి రోబోలు తిరగబడి మనుషులను మట్టుబెడతాయి. కానీ వాటి తయారీ సూత్రం రాసిన కాగితాలు అప్పటికే కాలిపోయాయి. వాటికి ఆయుష్షు ఇరవై ఏళ్లే, సంతానం లేదు. ఒంట్లో మాంసముంది, మాంసానికి ఉండాల్సిన అసలు గుణం మాత్రం లేదు. తోడుకి మిగలని పెరుగు లాంటి బతుకు.

చాపెక్ కంటే ముందు 1898లో హెచ్.జి. వెల్స్ ‘ది వార్ ఆఫ్ ది వరల్డ్స్’లో ఇంకో తమాషా చేశాడు. భూమి మీదికి దండెత్తి వచ్చిన అంగారకుల యంత్రాల్లో ఎక్కడా చక్రం కనిపించదు. అవి మూడు కాళ్లతో నడుస్తాయి. వాటి కీళ్లను కదిలించేవి సాగే తొడుగులో పేర్చిన బిళ్లలు. కరెంటు పారగానే బిళ్లలు ఒకదానికొకటి గట్టిగా దగ్గరికి లాక్కుంటాయి. అంటే లోహంతో చేసిన కండరం. ఫిరంగులకు అంతగా లొంగని ఆ యంత్రాలు చివరికి ఎక్కడివక్కడ ఆగిపోతాయి. వాటిని నడిపే అంగారకులు మన నేల మీది సూక్ష్మజీవుల వల్ల చచ్చిపోతారు. యంత్రానికీ ప్రాణికీ మధ్య గీత ఎక్కడ గీయాలో విజ్ఞాన కల్పనకు మొదటినుంచీ తెలియలేదనడానికి ఈ రెండు కథలు చాలు.

రెండు పక్షాలు

1980ల నాటికి ఆ గీత మీద యుద్ధాలే మొదలయ్యాయి. బ్రూస్ స్టెర్లింగ్ నవల ‘స్కిస్‌మ్యాట్రిక్స్’ (1985)లో సౌరమండలమంతా పాకిన మనుషులు రెండు వర్గాలవుతారు. జన్యువులను మలచుకునేవాళ్లు షేపర్లు, ఒంటికి యంత్రభాగాలు తగిలించుకునేవాళ్లు మెకానిస్టులు. హ్యారీ హ్యారిసన్ ‘వెస్ట్ ఆఫ్ ఈడెన్’ (1984)లో డైనోసార్ల కాలాన్ని ముగించిన గ్రహశకలం భూమిని ఢీకొట్టదు. సరీసృపాల్లోంచి తెలివైన జాతి ఒకటి ఎదుగుతుంది. వాళ్ల ఓడ ప్రాణి, తుపాకీ ప్రాణి, కప్పుకునే దుప్పటీ ప్రాణే. ఊరు కూడా విత్తు నుంచి మొలిచిందే. అలాంటి ఊరిని మనుషులు చివరికి నిప్పు పెట్టి గెలుస్తారు.

ఆక్టేవియా బట్లర్ ‘డాన్’ (1987) అన్నిటికంటే లోతుగా ఆలోచించింది. అణుయుద్ధంలో భూమి నాశనమయ్యాక మిగిలిన కొద్దిమందిని ఓవాన్‌కాలీ అనే గ్రహాంతరవాసులు తమ ఓడలోకి చేరుస్తారు. ఆ ఓడకు ప్రాణముంది. గోడకు తలుపు ఉండదు. ఓవాన్‌కాలీ ముట్టుకుంటే వాళ్ల ఒంటి రసాయనాన్ని గుర్తుపట్టి గోడ తనంతట తాను తెరుచుకుంటుంది. కథానాయిక లిలిత్ ముట్టుకుంటే కదలదు. తలుపు తెరవడం రావాలంటే ఆమె ఒంట్లోనే మార్పు జరగాలి. ఇక్కడ పనిముట్టు మనిషికి తగ్గట్టు మారదు, మనిషే పనిముట్టుకు తగ్గట్టు మారాలి.

స్కాట్ వెస్టర్‌ఫెల్డ్ పిల్లల కోసం రాసిన ‘లెవయతన్’ (2009)లో మొదటి ప్రపంచ యుద్ధమే ఈ రెండు పక్షాల మధ్య జరుగుతుంది. జర్మనీ, ఆస్ట్రియా వాళ్లవి ఆవిరి, ఇనుము. బ్రిటిష్ వాళ్లవి జన్యువులు కలిపి పుట్టించిన జంతువులు. లెవయతన్ అంటే తిమింగలం నుంచి పుట్టించిన విమానం. దాని కడుపులోని బాక్టీరియాలు చేసే హైడ్రోజన్‌తో గాల్లో తేలుతుంది. ఆల్ప్స్ మంచులో అది కూలినప్పుడు రచయిత ఒక చక్కటి సంగతి పట్టుకున్నాడు. దానికి మరమ్మతు చేసేవాళ్లతో పాటు తిండి పెట్టేవాళ్లూ కావాలి. తింటే గాయం మానుతుంది, వాయువు నిండుతుంది. శత్రుపక్షం కుర్రాడు తన కోటలో దాచిన సరుకులు తెచ్చి దానికి పెడతాడు.

మన పురాణాల్లోనూ వాహనాలు రెండు రకాలు. పుష్పకం కుబేరుడిది. రావణుడు లాక్కున్నాడు, తర్వాత రాముడు ఎక్కాడు. ఎవరెక్కితే వాళ్ల మాట వింది. గరుత్మంతుణ్ణి అలా ఎవరూ లాక్కోలేదు. అతనికి తల్లి ఉంది, ఆకలి ఉంది, పాములతో పాత పగ ఉంది. విష్ణువుకు వాహనమైంది కూడా వరాలు ఇచ్చిపుచ్చుకున్నాకే. పైన చెప్పిన నవలలన్నిటి సారం ఈ తేడాలోనే ఉంది. అది లోహానికీ మాంసానికీ మధ్య తేడా అనుకుంటాం. అలా అనుకోవడం ఎంత పొరపాటో కణం లోపలికి వెళ్తే తెలుస్తుంది.

కణం లోపలి ఇరుసు

పేగుల్లో ఉండే ఇ. కోలి బాక్టీరియాకు ఈదడానికి కశాభాలు అనే సన్నటి తోకలుంటాయి. అవి కొరడాల్లా ఊగుతాయని చాలాకాలం అనుకున్నారు. గుండ్రంగా తిరుగుతున్నాయని 1973లో హోవర్డ్ బెర్గ్, రాబర్ట్ ఆండర్సన్ వాదించారు, అదే నిజమని తేలింది. తోక మొదట్లో దాదాపు 45 నానోమీటర్ల మోటారు ఉంటుంది. నానోమీటరు అంటే మిల్లీమీటరులో పది లక్షలవ వంతు. ఆ మోటారులో కదలని భాగం, తిరిగే భాగం, ఇరుసు, ఇరుసు చుట్టూ బేరింగు లాంటి కట్లు అన్నీ ఉన్నాయి. ప్రోటాన్లు లోపలికి పారుతుంటే సెకనుకు వంద సార్లకు పైగా తిరుగుతుంది. అవసరమైతే వెనక్కీ తిరుగుతుంది.

మన ఒంట్లోనూ ఇలాంటివి కోటానుకోట్లు. కండరం ముడుచుకోవాలన్నా, నరం కబురు పంపాలన్నా ఖర్చయ్యే నాణెం ఏటీపీ అనే అణువు. దీన్ని 1929లో హార్వర్డ్‌లో సైరస్ ఫిస్క్‌తో కలిసి కనుగొన్నవాడు భీమవరంలో పుట్టిన యల్లాప్రగడ సుబ్బారావు. అదే ఏడు జర్మనీలో కార్ల్ లోమాన్ కూడా విడిగా కనుగొన్నాడు. అంతకు రెండేళ్ల ముందే కండరంలో శక్తిని నిలవ ఉంచే ఫాస్ఫోక్రియాటిన్‌ను ఫిస్క్, సుబ్బారావు బయటపెట్టారు. ఆ ఏటీపీని కణంలో ముద్రించే టంకశాల కూడా తిరిగే యంత్రమే. ప్రోటాన్లు దాని చక్రాన్ని తిప్పుతాయి, ఒక్కో చుట్టుకు మూడు ఏటీపీలు రాలతాయి. అది తిరగడం 1997లో జపాన్ శాస్త్రవేత్తలు సూక్ష్మదర్శిని కింద కళ్లారా చూశారు. ఆ యంత్రం పనితీరు తేల్చిన పాల్ బోయర్, జాన్ వాకర్‌లకు అదే ఏడు నోబెల్ వచ్చింది. ఒక్క రోజులో మన ఒళ్లు ఖర్చుపెట్టి మళ్లీ తయారుచేసుకునే ఏటీపీ అంతా పోగేస్తే దాదాపు మన బరువంత తూగుతుంది.

గేర్లు మాత్రం మనిషి సొంత తెలివి అనుకునేవాళ్లు. 2013లో కేంబ్రిడ్జి పరిశోధకులు మాల్కమ్ బరోస్, గ్రెగరీ సటన్ ఆ మాటా పోగొట్టారు. ఐరోపా తోటల్లో ఉండే ఇసస్ అనే పురుగు పిల్ల దశలో వెనక కాళ్ల మొదళ్లలో పళ్ల చక్రాలతో గెంతుతుంది. ఒక్కో కాలికి పది పన్నెండు పళ్లు. ఒక చక్రం ఇంకో చక్రాన్ని పట్టుకుని తిప్పడం వల్ల రెండు కాళ్లూ సెకనులో లక్షకు మూడు వంతుల తేడా కూడా లేకుండా ఒకేసారి తన్నుతాయి. ఈ పురుగు మన వరి రైతును ఏడిపించే సుడిదోమకు దూరపు చుట్టం. పెద్దదయ్యాక ఆ గేర్లు ఉండవు. పిల్ల దశలో పన్ను విరిగితే కుబుసం విడిచినప్పుడు కొత్తది వస్తుంది. పెద్ద పురుగు ఇక కుబుసం విడవదు కాబట్టి విరిగిన పన్ను విరిగినట్టే ఉండిపోతుంది. అందుకే వదిలేసి ఉంటుందని పరిశోధకుల ఊహ.

కాబట్టి మోటారు, ఇరుసు, గేరు ఉన్నంత మాత్రాన యంత్రం కాదు, లేనంత మాత్రాన ప్రాణి కాదు. ప్రాణి అంటే తన యంత్రాలను తానే చేసుకుని, తానే మార్చుకునే యంత్రశాల.

తనను తాను మరమ్మతు చేసుకునే వంతెన

మేఘాలయలోని ఖాసీ కొండల్లో వాన ప్రపంచంలోనే అత్యధికంగా పడుతుంది. అక్కడ వాగుల మీద వేసిన కర్ర వంతెన త్వరగా కుళ్లిపోతుంది. ఖాసీలు, జయంతియాలు తరతరాలుగా వేరే పద్ధతి పాటిస్తున్నారు. గట్టు మీద రబ్బరు మర్రి నాటుతారు. దాని ఊడలను వెదుళ్ల మీదుగా, తొలిచిన పోక మానుల గుండా అవతలి గట్టుకు మళ్లిస్తారు. అవి అక్కడ నేలలో దిగి, లావెక్కి, ఒకదానితో ఒకటి పెనవేసుకుని మనుషులు నడిచే వంతెన కావడానికి పదిహేను నుంచి ముప్పై ఏళ్లు పడుతుంది. ఇంజనీరు కట్టిన వంతెన ప్రారంభోత్సవం నాటినుంచి బలహీనపడుతుంది. ఈ వంతెన ఏటేటా గట్టిపడుతుంది. కొన్నిటికి వందల ఏళ్ల వయసుందని చెబుతారు. హ్యారిసన్ ఊహించిన విత్తు నుంచి మొలిచే ఊరికి ఈ భూమ్మీద అతి దగ్గరగా ఉన్నది ఇదే.

మన ఎముకలదీ ఇదే పద్ధతి. బరువు పడిన చోట ఎముక మందమవుతుంది, పడని చోట కరుగుతుంది. పదేళ్లలో అస్థిపంజరం దాదాపు మొత్తం కొత్తదవుతుంది. మెదడు ఖర్చు ఇరవై వాట్లు, ఒక చిన్న బల్బంత. 2022లో ప్రపంచంలో అత్యంత వేగవంతమైనదిగా నిలిచిన అమెరికా సూపర్ కంప్యూటర్ ఫ్రాంటియర్‌కు దాదాపు 2.1 కోట్ల వాట్లు కావాల్సి వచ్చింది. ఇలాంటి లెక్కలు చూస్తే ప్రాణమే గెలిచిందనిపిస్తుంది. ఫ్రీమన్ డైసన్ అనే భౌతికశాస్త్రవేత్తకూ అలాగే అనిపించింది. లోహం, సిలికాన్‌లది బూడిదరంగు సాంకేతికత, జన్యువులది ఆకుపచ్చ సాంకేతికత అని విభజించి, అంతరిక్షంలో దూరాలు పెరిగేకొద్దీ ఆకుపచ్చదే పనికొస్తుందన్నాడు. 1972లో లండన్‌లో చేసిన ఒక ప్రసంగంలో తోకచుక్కల మంచు మీద పెరిగే చెట్లను ఊహించాడు.

ఎద్దు, ట్రాక్టరు

కానీ అంతరిక్షంలో ఇప్పటిదాకా అన్నిటికంటే దూరం వెళ్లింది బూడిదరంగుదే. 1977లో బయల్దేరిన వాయేజర్-1 ఇంకా పలుకుతోంది. 2023 చివర్లో దానిలో ఒక మెమరీ చిప్పు చెడి, అర్థం లేని అంకెలు పంపడం మొదలుపెట్టింది. ఇంజనీర్లు భూమ్మీద కూర్చుని, కాంతికే ఇరవై రెండు గంటలకు పైగా పట్టే దూరానికి ఆదేశాలు పంపి, ప్రోగ్రామును చెడని మెమరీలోకి మార్చారు. కొన్ని నెలల్లో మళ్లీ అది మాట్లాడింది. వాయేజర్ తన గాయం తాను మాన్పుకోలేదు. కానీ దాదాపు అర్ధ శతాబ్దం గాలి, నీరు, తిండి అడగలేదు.

ప్రాణానికి హద్దులు చాలా ఉన్నాయి. నరంలో కబురు అత్యంత వేగంగా వెళ్తే సెకనుకు 120 మీటర్లు, రాగి తీగలో అది కాంతి వేగానికి దగ్గర. పంట మొక్క ఎండలో ఒకటి రెండు శాతాన్నే ఆహారంగా మార్చుకుంటుంది, ఇంటి మీది సోలార్ పలక ఇరవై శాతం దాకా కరెంటు చేస్తుంది. కాస్త ఎక్కువ వేడి తగిలితే ప్రోటీన్లు ఉడికిన గుడ్డులా గడ్డకడతాయి. చక్రం సంగతీ అంతే. బాక్టీరియా తోక తిరగగలదు. పెద్ద జంతువుకు తిరిగే చక్రం ఉంటే ఇరుసు దాటి రక్తనాళాలు, నరాలు ఎలా వెళ్తాయి? రెండు చుట్లు తిరిగేసరికి మెలిపడి తెగిపోతాయి.

ఇక ఆకారం. సినిమాల్లో ఏనుగంత చీమలు, ఓడంత తేళ్లు వస్తుంటాయి. ఈ ఊహను 1926లోనే ఒక చిన్న వ్యాసంతో కొట్టిపారేసినవాడు బ్రిటిష్ జీవశాస్త్రవేత్త జె.బి.ఎస్. హాల్డేన్. మనిషిని అన్ని వైపులా పది రెట్లు పెంచితే బరువు వెయ్యి రెట్లవుతుంది, ఎముక అడ్డుకోత వైశాల్యం మాత్రం వంద రెట్లే. ఒక్క అడుగు వేస్తే తొడ విరుగుతుంది. అదే హాల్డేన్ అంతకు మూడేళ్ల ముందు కేంబ్రిడ్జిలో చేసిన ప్రసంగంలో తల్లి గర్భం బయట బిడ్డలను పెంచే కాలాన్ని ఊహించాడు. ఆల్డస్ హక్స్‌లీ ‘బ్రేవ్ న్యూ వరల్డ్’కు అది ప్రేరణ. జీవశాస్త్రపు కొత్తదనం ఏదైనా మొదట జనానికి వెగటుగా తోస్తుందని, ఆవు పాలు తాగడం కూడా ఒకప్పుడు అలాంటిదే అయి ఉంటుందని ఆ ప్రసంగంలోనే హాల్డేన్ అన్నాడు. పాలు, పెరుగు లేనిదే ముద్ద దిగని మన దేశానికే ఆయన 1957లో వచ్చేశాడు, పౌరసత్వం తీసుకున్నాడు, 1964లో భువనేశ్వర్‌లో కన్నుమూశాడు.

ఇన్ని హద్దులున్నా అసలు తేడా ఇంకోటి. కాడెద్దులను అమ్మి ట్రాక్టరు కొన్న ప్రతి రైతుకూ అది తెలుసు. దుక్కులయ్యాక ట్రాక్టరును షెడ్డులో పెడితే చుక్క డీజిల్ తాగదు. ఎద్దు పని ఉన్నా లేకపోయినా మేత తింటుంది, జబ్బు పడుతుంది, ముసలిదవుతుంది. యంత్రానికి మీట ఉంది. ఆపితే ఆగుతుంది, మళ్లీ నొక్కితే వదిలిన చోటునుంచి మొదలవుతుంది. ఆగిన ప్రాణం మాత్రం చాలావరకు పోయిన ప్రాణమే. కొన్ని విత్తనాలు, సిద్ధబీజాలు, సూక్ష్మజీవులు నిద్రపోగలవు కానీ పనిచేస్తున్న గుండెకు, మెదడుకు ఆ వసతి లేదు. గాయం మానడం, పెరగడం, పిల్లల్ని కనడం, ప్రాణం గొప్పలుగా మనం చెప్పుకునేవన్నీ ఆగకుండా నడవడంలోంచి వచ్చినవే. ఆగకుండా నడవాలంటే ఆగకుండా తినాలి. ఆ వరాలు, ఈ ఖర్చు విడివిడిగా దొరకవు.

తొట్లలో ఈదుతున్నవి

ప్రయోగశాలలు ఇప్పుడు ఈ బేరంలోకే దిగాయి. హార్వర్డ్‌లో కెవిన్ కిట్ పార్కర్ బృందం 2016లో ఒక బుల్లి టేకు చేపను చేసింది. పొడవు 16 మిల్లీమీటర్లు. బంగారపు ఎముక, రబ్బరు లాంటి ఒళ్లు, దాని మీద దాదాపు రెండు లక్షల ఎలుక గుండె కణాలు. వెలుగు పడితే ముడుచుకునేలా ఆ కణాల జన్యువులు మార్చారు. వెలుతురు చూపిస్తే దాని వెంట ఈదింది. 2022లో మనిషి మూలకణాల నుంచి పెంచిన గుండె కణాలతో ఇంకో చేప చేశారు. అది పోషక ద్రవంలో 108 రోజులు ఈదింది. మొదటి నెలలో దాని ఈత మెరుగవుతూ వచ్చింది, కండరం వాడేకొద్దీ ముదిరింది కాబట్టి. కొన్న రోజుకంటే నెల తర్వాత బాగా నడిచే మోటారును ఏ కంపెనీ అమ్మదు.

2020లో అమెరికాలోని టఫ్ట్స్, వెర్మాంట్ విశ్వవిద్యాలయాల వాళ్లు జెనోబాట్లను ప్రకటించారు. ఆఫ్రికా కప్ప పిండంలోంచి చర్మ కణాలు, గుండె కణాలు తీసి, సూపర్ కంప్యూటర్ వేసిచ్చిన ఆకారంలో పేర్చారు. ఒక్కోటి మిల్లీమీటరు కంటే చిన్నది. జన్యువులేమీ మార్చలేదు. అవి నీటిలో పాకాయి, రేణువులను పోగుచేశాయి, కోస్తే గాయం మూసుకున్నాయి. తమలో మిగిలిన పచ్చసొన అయిపోయేదాకా వారం పది రోజులు బతికి, తర్వాత మామూలు చచ్చిన కణాలయ్యాయి. ఇంకో ఏడాదికి, చుట్టూ విడి కణాలు వేస్తే వాటిని కుప్పలుగా నెట్టి తమలాంటి వాటిని తయారుచేశాయి. చాపెక్ రోబోలకు దొరకని సూత్రం ఒక కప్ప కణాల గుంపుకు దొరికింది.

మెల్‌బోర్న్‌లో ఒక బృందం 2022లో ఎనిమిది లక్షల మెదడు కణాలను విద్యుత్ పలక మీద పెంచి, ‘పాంగ్’ అనే పాత వీడియో గేమ్‌ను ఆడించింది. కణాలు బంతిని కొట్టడంలో కాస్త కాస్తగా మెరుగయ్యాయి. ఇంతవరకు వీటిలో ఏదీ ప్రయోగశాల గడప దాటి పనికి రాలేదు. ప్రతిదాని వెనకా వేళకు ద్రవం మార్చి, సరైన వెచ్చదనం చూసి, క్రిములు పడకుండా కాచే మనుషులున్నారు. లెవయతన్‌కు సరుకులు మోసిన కుర్రాడి పనే వాళ్లదీ.

తాళం వేయగలమా?

మీట లేనప్పుడు కనీసం తాళమైనా ఉండాలి కదా. ‘జురాసిక్ పార్క్’ నవల (1990)లో శాస్త్రవేత్తలు వేసిన తాళం అందరికీ గుర్తే. డైనోసార్లు లైసిన్ అనే అమైనో ఆమ్లాన్ని తయారుచేసుకోలేకుండా చేశారు. పార్కువాళ్లు పెట్టకపోతే చచ్చిపోవాలి. చిక్కేమిటంటే లైసిన్ తయారుచేసుకోవడం ఏ జంతువుకూ రాదు. మనకూ రాదు. బియ్యంలో అది తక్కువ, కందిపప్పులో ఎక్కువ, అందుకే పప్పన్నం మంచి జోడీ. తప్పించుకున్న డైనోసార్ కాస్త చిక్కుడుకాయలో, ఇంకో జంతువో తింటే చాలు, తాళం ఊడింది.

2015లో రెండు అమెరికా బృందాలు ఇదే ఆలోచనను సరిగ్గా చేసి చూపించాయి. ప్రకృతిలో ఎక్కడా దొరకని కృత్రిమ అమైనో ఆమ్లం ఉంటేనే బతికే ఇ. కోలిని తయారుచేశాయి. ఇది గట్టి తాళం. చాలా తాళాలు ఇంత గట్టివి కావు. ఫలానా పరిస్థితిలో తనను తాను చంపుకునే జన్యువును బాక్టీరియాలో పెడితే, లక్షల్లో ఒకదానిలో ఆ జన్యువు పొరపాటున చెడిపోతుంది. మిగతావి చస్తాయి, అది బతుకుతుంది. కొన్నాళ్లకు అన్నీ దాని పిల్లలే. మిక్సీలో స్క్రూ వదులైతే మిక్సీ పాడవుతుంది. బాక్టీరియాలో తాళం వదులైతే బాక్టీరియా బాగుపడుతుంది. గ్రెగ్ బేర్ 1985 నవల ‘బ్లడ్ మ్యూజిక్’లో ఒక శాస్త్రవేత్త తన ఒంట్లోకి ఎక్కించుకున్న తెలివైన కణాలు అదుపు తప్పి లోకాన్ని మింగుతాయి. అంత జరగకపోవచ్చు. కానీ పనిముట్టుకు దాని సొంత లాభం ఒకటుంటుందన్న భయం మాత్రం కల్పన కాదు.

మన తెలివి హద్దు ఎంతో కూడా తెలిసింది. జన్యుశాస్త్రవేత్త క్రెయిగ్ వెంటర్ సంస్థ 2016లో వీలైనన్ని జన్యువులు తీసేసి ఒక కణాన్ని నిర్మించింది. మిగిలినవి 473. వాటిలో 149 ఏం పని చేస్తాయో కట్టినవాళ్లకే అప్పట్లో తెలియదు. తీసేస్తే మాత్రం కణం చచ్చిపోయింది, లేదా సరిగ్గా పెరగలేదు. ఏ మెకానిక్కూ మూడోవంతు భాగాల పని తెలియని ఇంజన్ను బిగించడు.

అందుకని నా తీర్పు ఇది. ప్రాణం, యంత్రం రెండు శత్రుపక్షాలుగా యుద్ధానికి దిగే కథలు చదవడానికి బాగుంటాయి కానీ లోకం అలా చీలదు. లెవయతన్ కథలో కూడా ఆ తిమింగలం చివరికి శత్రువుల ఇంజన్లు తగిలించుకునే గాల్లోకి లేచింది. దూరం, వేడి, వేగం, శూన్యం ఉన్నచోట లోహం పనిచేస్తుంది. మానాల్సిన, పెరగాల్సిన, తనను తాను మళ్లీ చేసుకోవాల్సిన చోట ప్రాణం పనిచేస్తుంది. అయితే రెండోదాన్ని ఎంచుకునేవాళ్లు దానికి యజమానులమని కాకుండా కాపరులమని తెలుసుకుని దిగాలి. రేపు ఎవరైనా ప్రాణమున్న ఇల్లో, ప్రాణమున్న కంప్యూటరో అమ్మజూపితే ధర తర్వాత అడగవచ్చు. ముందు అడగాల్సింది అది ఏం తింటుంది, ఎవరు పెట్టాలి, వద్దనుకున్న రోజు ఏం చేయాలి అని.

నమ్మకం లేకపోతే రెండు వారాలు ఇంటికి తాళం వేసి ఊరెళ్లి రండి. వచ్చాక మిక్సీ మీట నొక్కితే తిరుగుతుంది. గట్టు మీద వదిలేసిన తోడు గిన్నెకు బూజు పట్టి ఉంటుంది. దాన్ని కడిగి పట్టుకుని మళ్లీ పక్కింటికి వెళ్లాల్సిందే.